నేను సెట్ చేస్తాలే

మా ఇంట్లో నేను 'సెట్ చేస్తాలే' అన్నానంటే ఎక్కడి పని అక్కడ ఆగిపోతుంది. మచిలీపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగరేసినప్పుడు పడవలవాళ్లు చూసే చూపు ఒకటుంటుంది. మావాళ్లు నన్ను ఆ చూపే చూస్తారు. మా ఆవిడ ముందు మెయిన్ స్విచ్ ఆపి ఉందో లేదో చూస్తుంది. తర్వాత నా చేతిలో ఏముందో చూస్తుంది. స్క్రూడ్రైవర్ కనిపిస్తే, "ఏవండీ, అది బాగానే ఉంది, అలా ఉండనివ్వండి" అంటుంది. బాగా లేదని ఆవిడకూ తెలుసు. నేను సెట్ చేశాక ఎలా ఉంటుందో కూడా తెలుసు కాబట్టి, దానితో పోలిస్తే ఇప్పుడున్నది బాగున్నట్టే లెక్క.

ఇందులో సిగ్గుపడాల్సిన సంగతి ఇంకొకటుంది. నేను ఇంగ్లీషు మాస్టారిని. తెనాలి చుట్టుపక్కల కాలేజీల్లో, పిల్లల చేత క్రియలకు మూడు రూపాలు వల్లె వేయించి పెన్షను తెచ్చుకున్నవాణ్ని. గో-వెంట్-గాన్, బ్రింగ్-బ్రాట్-బ్రాట్ దగ్గర నీరసించిపోయిన క్లాసు, కట్-కట్-కట్, పుట్-పుట్-పుట్, సెట్-సెట్-సెట్ దగ్గరికి రాగానే ఒక్కసారి లేచి కూర్చునేది. మూడు రూపాలూ ఒకటే, నేర్చుకోవాల్సింది ఏమీ లేదు. వెనక బెంచీవాళ్లు కూడా గొంతెత్తి అరిచేది ఆ మూడు క్రియలప్పుడే. 'ఈ క్రియ ఏ కాలంలోనూ మారదురా' అని నేను చెప్పిన పాఠం వాళ్ల కంటే నాకే బాగా ఒంటబట్టింది. హాల్లో ఫ్యాను సెట్ చేస్తానని ఒకరోజు అన్నాను, మర్నాడూ అన్నాను. చేసేశాను అని కూడా ఒకసారి అన్నాను. ఫ్యాను మాత్రం మూడు కాలాల్లోనూ ఒకే చప్పుడు చేసింది.

ఈ మాటకు ఎన్ని అర్థాలున్నాయో తెలిస్తే మీరు నన్ను కొంతైనా క్షమిస్తారు. 1989లో ఇరవై సంపుటాలుగా వచ్చిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు రెండో కూర్పులో అన్నిటికంటే పొడుగాటి వివరణ ఈ క్రియకే ఉంది. సుమారు 430 అర్థాలు. వాటిని విడమరిచి చెప్పడానికి దగ్గర దగ్గర 60,000 మాటలు. ఒక నవలంత! తర్వాత నిఘంటువును మళ్లీ సవరించుకుంటూ వచ్చేసరికి ఆ పెద్దరికం కాస్తా చేజారింది. 'మేక్' దాటింది, 'పుట్' దాటింది, చివరికి 2011లో 'రన్' 645 అర్థాలతో అందరినీ వెనక్కి నెట్టింది. ఆ ఒక్క 'రన్' మీద పీటర్ గిలివర్ అనే నిఘంటుకారుడు తొమ్మిది నెలలు కూర్చున్నాడు. ఈ విషయం నేను భక్తిగా చెబితే మా ఆవిడ, "తొమ్మిది నెలలకు నేను పిల్లాణ్ని కన్నాను" అని బీరకాయ చెక్కు తీసుకుంటూ కూర్చుంది.

ఆ నిఘంటువుకు సంపాదకుడిగా పనిచేసిన జేమ్స్ మరే నాకు ఆరాధ్యదైవం. 1879లో ఒప్పుకున్నప్పుడు పదేళ్లలో అయిపోతుందనుకున్నారు. 1884లో తొలి భాగం వచ్చేసరికి ఐదేళ్లు గడిచాయి, నిఘంటువు 'ఎ' దాటలేదు, 'యాంట్' దగ్గరుంది. అంటే చీమ దగ్గర. నిఘంటువు పూర్తయింది 1928లో, మరే పోయిన పదమూడేళ్లకు. ఇంటి పెరట్లో ఇనప రేకుల షెడ్డు వేసుకుని, లక్షల చీటీల మధ్య పనిచేశాడాయన. పదకొండు మంది పిల్లలు. వాళ్లకు చేతిఖర్చులకు డబ్బులిచ్చి చీటీలు అక్షరక్రమంలో పెట్టించేవాడు. ఇది చెప్పి మా వాడితో నా పుస్తకాల అలమర సర్దించుకుందామని చూశాను. వాడప్పుడు పదో తరగతి. "నాన్నా, చీటీకి ఎంత?" అన్నాడు. అలమర ఇప్పటికీ నేనే సెట్ చేసుకుంటున్నాను. అందుకే శంకరనారాయణ నిఘంటువు కావాలంటే ముందు పంచాంగాలన్నీ కింద పెట్టాలి.

ఇక పెరుగు సంగతి.

మా ఆవిడ పుట్టింటికి చీరాల వెళ్తూ, "పాలు కాచి తోడుపెట్టుకోండి. చేతకాకపోతే పక్కింటి పిన్నిగారికి చెప్పి వెళ్తాను" అంది. ఆ 'చేతకాకపోతే' దగ్గర నా పౌరుషం లేచింది. "పెరుగు సెట్ చేసుకోవడానికి పిన్నిగారెందుకు? నేను సెట్ చేసుకుంటాలే" అన్నాను. ఆవిడ బ్యాగు జిప్పు లాగుతూ ఒక్క క్షణం ఆగింది. బస్సుకు టైమైంది కాబట్టి వెళ్లిపోయింది గానీ, లేకపోతే ప్రయాణం మానుకునేదేమో.

పాలు పొంగించాను. పొయ్యి మీంచి దించాను. ఎక్కువ వేస్తే ఎక్కువ గట్టిగా తోడుకుంటుందన్న సిద్ధాంతంతో ఒక గరిటెడు పుల్ల పెరుగు ఆ పొగలు కక్కే పాలలో వేసి, గిలకొట్టి, మూత పెట్టాను. అర్ధగంటకోసారి మూత తీసి, గిన్నె వంచి చూశాను. వంచినప్పుడల్లా అది నా వైపు జారి వచ్చింది. రాత్రి ఫోను. "సెట్ అయిందా?" అంది మా ఆవిడ. పెళ్లయినప్పటి నుంచి ఆవిడ నోట నా క్రియ రావడం అదే మొదలు. "అవుతోంది" అన్నాను. వర్తమాన నిరంతర కాలం ఎంత గొప్పదో పిల్లలకు ఇన్నాళ్లు చెప్పాను గానీ, దాని విలువ ఆ రాత్రే తెలిసింది. పొద్దున్నకి గిన్నెలో ఒక మూల పలుకులు, మిగతా అంతా పచ్చటి నీళ్లు. పిల్లి కూడా మూతి పెట్టి, నా మొహం చూసి, వెళ్లిపోయింది.

మా కాలేజీలో కెమిస్ట్రీ చెప్పిన మిత్రుడొకాయన సాయంత్రం నడకలో దీనికి పోస్టుమార్టం చేశాడు. పాలను పెరుగు చేసే సూక్ష్మజీవులకు గోరువెచ్చదనం కావాలి, నలభై డిగ్రీలు, ఆ చుట్టుపక్కల. నేను వాటిని సలసల కాగే పాలలోకి తోశాను కాబట్టి అవి అక్కడికక్కడే పరమపదించాయి. నా గరిటెడు పెరుగులోని పులుపుకే ఆ వేడి పాలు విరిగాయి తప్ప తోడుకోలేదు. అంతా సవ్యంగా జరిగితే ఆ సూక్ష్మజీవులు పాలలోని చక్కెరను నెమ్మదిగా ఆమ్లం చేస్తాయి. పీహెచ్ 4.6 దగ్గరికి దిగేసరికి కేసిన్ అనే మాంసకృత్తి రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని వల అల్లుకుంటాయి. ఆ వలలో నీళ్లు చిక్కుకుపోతే గట్టి పెరుగు. అల్లుకునే వేళ గిన్నె కదిపితే వల తెగుతుంది, తేట విడిపోతుంది. "కాబట్టి మాస్టారూ, మీరు రెండు హత్యలు చేశారు. ఒకటి వేడితో, రెండోది కుతూహలంతో" అన్నాడాయన.

మా ఆవిడకు కేసిన్ తెలియదు. పాలు దించి, పక్కన పెట్టి, చిటికెనవేలు ముంచి చూస్తుంది. వేలు చురుక్కుమంటే ఆగుతుంది. చల్లారిపోయిందనిపిస్తే మళ్లీ ఒక్క సెగ చూపిస్తుంది. ఎండాకాలమైతే చుక్క మజ్జిగ, చలికాలమైతే చెంచా పెరుగు. ముందు అడుగున రాసి, పైన పాలు పోసి, ఒక్కసారి తిప్పి, మూత పెట్టి వదిలేస్తుంది. డిసెంబరులో గిన్నెను బియ్యం డబ్బాలో కూరి పెడుతుంది. ఇక తెల్లారేదాకా ఆ వైపు చూడదు. ఇంత పనిలో 'సెట్' అన్న మాట ఒక్కసారి రాదు. తోడుపెట్టడమే. పాలకు తోడు దొరికితే పెరుగవుతుంది. నా తోడు చీరాల వెళ్తే ఏమవుతుందో చెప్పానుగా.

అప్పటి నుంచి నా క్రియ మీద ఆవిడకు అనుమానం మొదలైంది. ఒకరోజు నిలదీసింది. "మీరు 'సెట్ చేస్తా' అంటే అసలేం చేస్తారు? బిగిస్తా అంటే బిగిసిందో లేదో లాగి చూస్తాను. అతికిస్తా అంటే అతికిందో లేదో తెలుస్తుంది. తుడుస్తా అంటే మరక కనిపిస్తుంది. సెట్ చేస్తా అంటే నేనేం చూడాలి?" ముప్పై మంది ఇన్‌స్పెక్టర్లు అడగలేకపోయిన ప్రశ్న అది. నిజమే. 430 అర్థాలున్న క్రియలో ఏదో ఒక అర్థంలోనైనా పని జరగకపోతుందా అన్నదే నా ధీమా. కుళాయి కారుతూనే ఉంటుంది గానీ, నేను దాని వైపు ఒక కుర్చీ జరిపి ఉంటాను. అదీ సెట్ చేయడమే, నిఘంటువు ప్రకారం.

నేను ఊరుకోలేదు. "మీ తెలుగులో మాత్రం తక్కువా? పెట్టు అన్న క్రియ చూడు" అన్నాను. తెలుగు 'మీది' ఎందుకైందో, ఇంగ్లీషు 'నాది' ఎందుకైందో నాకే తెలియదు. "అన్నం పెడతారు, బొట్టు పెడతారు, పేరు పెడతారు, ముహూర్తం పెడతారు, దీపం పెడతారు, పరీక్ష పెడతారు, చెవిలో పువ్వు పెడతారు. దేనికీ పోలిక లేదు."

"అన్నం పెడతారు అంటే కంచంలో అన్నం ఉంటుంది" అంది. "ఆవకాయ పెడతాను అంటే జాడీలో ఆవకాయ ఉంటుంది. వాత పెడితే మచ్చ ఉంటుంది. పొగ పెడితే మీరు బయటికి వస్తారు. పెట్టు అన్నాక ఏం పెట్టామో ముందే చెప్తాం కదండీ! మీరు ఉత్త 'సెట్' అంటారు. కొంపకి ఎసరు పెడుతున్నారో, పొయ్యి మీద ఎసరు పెడుతున్నారో తెలియడం లేదు."

వ్యాకరణంలో దీన్ని ఏమంటారో నాకు తెలుసు. చెప్పి లాభం లేదని కూడా తెలుసు.

ఓడిపోయిన మాస్టారు వ్యుత్పత్తిలో తలదాచుకుంటాడు. నేనూ అదే చేశాను. ఇంగ్లీషులో 'సిట్' అంటే కూర్చోవడం, 'సెట్' అంటే కూర్చోబెట్టడం. పాత జర్మానిక్ భాషల్లో ప్రేరణార్థకం అలా చేసేవాళ్లు, లోపలి అచ్చు మార్చి. మనం 'చేయు'ను 'చేయించు' చేసినట్టు. 'ఫాల్' పడటం, 'ఫెల్' పడగొట్టడం. 'లై' పడుకోవడం, 'లే' పడుకోబెట్టడం. మనవాళ్లు కొడుకు అమెరికాలో 'సెటిల్' అయ్యాడంటారే, అదీ ఆ కుదురులోదే, పీట అని అర్థమున్న పాత మాట నుంచి వచ్చింది. ఆ కూర్చునే ధాతువు సంస్కృతంలో 'సద్'. సదనం, సదస్సు, పరిషత్తు అన్నీ దాని సంతానం. గురువు దగ్గర కూర్చుని వినేది ఉపనిషత్తు. మన జిల్లా పరిషత్తులో కూర్చునేవాళ్లకు కూడా చుట్టరికం ఉంది, వినేదీ వినందీ వేరే సంగతి.

ఇక్కడిదాకా మా ఆవిడ చిక్కుడుకాయ నారలు తీస్తూ వింది. నేను ఉత్సాహంతో, "ఉపసర్గ మారితే అర్థం ఎలా తిరుగుతుందో చూడు. అదే సద్ ధాతువు. ముందు 'ప్ర' చేరిస్తే ప్రసాదం. 'వి' చేరిస్తే విషాదం" అన్నాను.

"అదన్నమాట" అంది ఆవిడ. "నేను సెట్ చేస్తే మొదటిది, మీరు సెట్ చేస్తే రెండోది."

ఇన్నేళ్లు పాఠం చెప్పాను. ఇంత తొందరగా అందుకున్న విద్యార్థి నాకు తగల్లేదు.

'సెట్' అనగానే అన్నీ ఈ క్రియ పిల్లలే అనుకోకండి. టీ సెట్, టీవీ సెట్, సెట్ దోశ, వీటిలో గుంపు అనే అర్థమున్న 'సెట్' వేరే దారిలో వచ్చింది. ఫ్రెంచి మీదుగా లాటిన్ 'సెక్టా' నుంచి, మతశాఖలను సెక్ట్ అంటామే, ఆ మాట నుంచి. రెండు కాలవలు కలిసిపోయి ఇంగ్లీషువాళ్లకే ఏ నీళ్లు ఎటువో తెలియకుండా పోయింది. ఇక టీవీ పక్కన మెరిసే సెట్ టాప్ బాక్సుదైతే మరీ అన్యాయం. సెట్టు మీద పెట్టేది కాబట్టి ఆ పేరు. వెనకటి టీవీ పైన అల్లిక గుడ్డ, తిరుపతి బొమ్మ, దాని మీద ఇంకా చోటు మిగిలేది. ఇప్పటి టీవీ మీద బల్లి నిలబడలేదు. ఎంసెట్‌లో ఉన్నదైతే అసలు సెట్టే కాదు, ప్రవేశ పరీక్ష అని మూడక్షరాల పొట్టిపేరు. ఆంధ్రలో 2021 నుంచి, తెలంగాణలో 2024 నుంచి దాని పేరు ఈఏపీసెట్ అని మార్చినా మా వీధిలో ఇంకా ఎంసెట్టే.

ఆ ఎంసెట్ వల్లే ఒకసారి పరువు పోయింది. మేడ మీద అద్దెకుండే కుర్రాడు మెట్లు దిగుతూ ఫోనులో, "మామా, సెట్ అయిపోయిందిరా!" అని గంతులేస్తున్నాడు. వాడి కౌన్సెలింగు గురించి వాళ్ల నాన్న బెంగపడటం నాకు తెలుసు. ఆపి, భుజం తట్టి, "శుభం నాయనా, ఏ కాలేజీ?" అన్నాను. వాడు కాస్త బిత్తరపోయి, "ఉమెన్స్ కాలేజీ సార్" అన్నాడు. ఈ అర్థం ఆక్స్‌ఫర్డులో ఉందో లేదో గానీ, తెలుగు దేశంలో పాతికేళ్ల లోపు వాళ్లెవరికీ నిఘంటువు చూడాల్సిన పని లేదు.

సిమెంటు దగ్గర మాత్రం ఈ క్రియను నిజంగా వాడేవాళ్లున్నారు. మా వీధి గుమ్మం ముందు గచ్చు పెచ్చులూడితే మేస్త్రి వచ్చి మాలు కలిపి, తాపీతో నున్నగా తీర్చి, "సెట్టయ్యేదాకా ఎవరూ అడుగు పెట్టొద్దండి బాబూ" అని చెప్పి టీకి వెళ్లాడు. ఆ సెట్టుకు లెక్క ఉంది. సిమెంటు ఆరి గట్టిపడదు, నీళ్లతో రసాయన చర్య జరిగి గట్టిపడుతుంది. అందుకే గట్టిపడ్డాక కూడా రోజుల తరబడి తడుపుతారు. మరీ గబుక్కున బిగుసుకోకుండా జిప్సం కలుపుతారు. మామూలు సిమెంటుకు మన దేశపు ప్రమాణాల ప్రకారం మొదటి బిగువు 30 నిమిషాల లోపు రాకూడదు, చివరి బిగువు 600 నిమిషాలు దాటకూడదు. ఇదంతా ఎదురింటి ఇంజినీరు గారికి నేను చెబుతున్నాను, ఆయన వింటున్నాడు. చెబుతూ చెబుతూ, "మొదటి బిగువు అంటే వేలితో నొక్కితే దిగకూడదన్నమాట" అని చూపించడానికి ముందుకు వంగాను. వేలు ఆగింది. కాలు ఆగలేదు.

ఆ అడుగు ఇప్పటికీ ఉంది. వ్రతానికి వచ్చిన పేరంటాళ్లు దాన్ని లక్ష్మీపాదం అనుకుని పక్కనుంచి నడుస్తారు. ఒకావిడ పసుపు కూడా రాసింది. అది నా తొమ్మిదో నంబరు హవాయి చెప్పు అని చెప్పబోతే మా ఆవిడ కళ్లతో ఆపింది. చెప్పు మడమ అరిగిన చోటు కూడా సిమెంటులో స్పష్టంగా పడింది. మేస్త్రి మాత్రం డబ్బు తీసుకుంటూ, "నేను సెట్టయ్యేదాకా అన్నానండి, మీరు సెట్టవుతుండగా వచ్చారు" అన్నాడు. కాలాల తేడా నాకు చెప్పిన మనిషి ఆయనొక్కడే.

మా వాడు టెక్సస్‌లో, ఫ్రిస్కో ఊళ్లో సెటిల్ అయ్యాక, అంటే పీట వేసుకున్నాక, మమ్మల్ని పిలిపించుకున్నాడు. ఆ దేశంలో నా క్రియ గాలిలో తిరుగుతూ ఉంటుంది. కొట్లో బిల్లు కట్టగానే కౌంటరు అమ్మాయి "యూ ఆర్ ఆల్ సెట్" అంటుంది. హోటల్లో పిల్లాడొచ్చి, "ఆల్ సెట్?" అంటాడు. అంటే ఇంకేం కావాలా, చాలా, అయిపోయిందా, లేవండి అని సందర్భాన్ని బట్టి. నేను మొదటిసారి, ప్రశ్నా వాక్యంలో సహాయక క్రియ ఏదని ఆలోచిస్తూ నిలబడ్డాను. నా వెనక లైను పెరిగింది. మా ఆవిడ సంచీ అందుకుని, తల ఊపి, "ఆల్ సెట్" అని నా చెయ్యి పట్టుకుని బయటికి లాగింది.

మావాడు ఆఫీసుకు వెళ్తూ, "నాన్నా, అలారం సెట్ చేసి వెళ్తున్నా. తలుపు తీస్తే సెట్ ఆఫ్ అవుతుంది, జాగ్రత్త" అన్నాడు. వాడి కారు మలుపు తిరగ్గానే మా ఆవిడ, "ఆఫ్ అయితే మంచిదే కదండీ, ఇంక మోగదుగా?" అంది. ఎంత అమాయకత్వం! ఇంతకంటే మంచి అవకాశం మళ్లీ రాదు. ఆఫ్ అంటే ఎప్పుడూ ఆగడం కాదని, 'సెట్ ఆఫ్' అంటే ఇక్కడ మోగనారంభించడమని, అదే మాటకు ప్రయాణమై బయల్దేరడం అనే అర్థం కూడా ఉందని, టపాసు పేల్చడానికీ అదే వాడతారని వివరంగా చెప్పాను. చెబుతున్నంతసేపూ తలుపు దగ్గరే నిలబడ్డాను. "ఉదాహరణకు, మనిద్దరం ఇలా బయల్దేరామనుకో" అని తలుపు తీశాను.

ఆ ఇంటి గోడల్లో అంత గొంతు ఉందని నాకు తెలియదు. అన్ని అర్థాలూ ఒకేసారి వచ్చేశాయి. పక్కిళ్ల కుక్కలు మొరిగాయి. ఆ మోత మధ్య మా ఆవిడ నా చెవి దగ్గర నోరు పెట్టి, "ఇప్పుడు మనం ఏ అర్థంలో ఉన్నామండీ?" అని అడిగింది. కాసేపటికి పోలీసు వచ్చాడు. కుర్రాడు, మర్యాదస్తుడు. నేను మెళ్లో తువ్వాలు, లుంగీతో నిలబడి నా ఇంగ్లీషంతా కూడదీసుకుని కార్యకారణ సంబంధం వివరించాను. మావాడు ఫోనులో నాలుగు ముక్కలు మాట్లాడాడు. పోలీసు నవ్వి, "ఆల్ సెట్, సర్?" అన్నాడు. ఈసారి నాకు జవాబు తెలుసు. కానీ గొంతు రాలేదు. ఆల్ సెట్ అని మా ఆవిడే చెప్పింది, ఉచ్చారణ కూడా బాగుంది.

తెనాలి తిరిగొచ్చాక ఆవిడ అలిగింది. కారణం వేరే, నేను ఇస్త్రీపెట్టె సెట్ చేయడం. అప్పుడు నేను చూసిన సంగతి ఏమిటంటే, 'అప్‌సెట్' అన్న మాటకు ఒకప్పటి ఇంగ్లీషులో అర్థం నిలబెట్టడం, ప్రతిష్ఠించడం. తర్వాతెప్పుడో తిరగబడి పడగొట్టడం అయింది. నిలబెట్టబోయి పడగొట్టినవాళ్లు అయిదారు వందల ఏళ్ల కిందట కూడా ఉన్నారన్న ధైర్యంతో ఆవిడకు చెప్పబోయాను. "ఇంకొక్క అర్థం చెబితే నేను మళ్లీ చీరాల వెళ్తాను" అంది. పెరుగు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

ఇప్పుడు మా ఇంట్లో ఆ క్రియ మీద నిషేధం. పని ఏదైనా దాని పేరుతోనే చెప్పాలి. బల్బు మారుస్తాను అనాలి, లేదా మార్చను అనాలి. తలుపు గడియకు నూనె వేస్తాను అనాలి. ఇలా విడమరిచి చెప్పాల్సి వచ్చేసరికి నాకు చేతనైన పనులు ఎన్నో తేలిపోయింది. బల్బు మార్చడం వచ్చు. నూనె వేయడం వచ్చు. కూర తరగడం వచ్చు, బెండకాయ అయితే. మిగతావి మా ఆవిడ చూసుకుంటుంది. ఫ్యాను కూడా బాగైంది. ఎలక్ట్రీషియన్ వచ్చి నట్టు బిగించి, ఆయిల్ వేసి వెళ్లాడట. నేనప్పుడు లైబ్రరీలో ఉన్నాను. వచ్చాక చప్పుడు లేకపోతే కరెంటు పోయిందనుకున్నాను.

ఒక్క గీజరే మిగిలింది. గోడ మీంచి ఒక పక్కకు ఒరిగి ఉంది. దాన్ని దింపి, కొత్త బోల్టులు బిగించి, పైపు కీలు దగ్గర కారకుండా కట్టుదిట్టం చేసి, మళ్లీ ఎక్కించే మనిషి మీకు తెలిస్తే మా ఆవిడకు ఒక్క ఫోను చేసి చెప్పండి. నాకు వద్దు, ఆవిడకే. మరొక్క మాట. అతన్ని ముందుగానే ఏం చేస్తావని అడిగి చూడండి. 'సెట్ చేసేస్తానండీ' అన్నాడంటే పంపకండి, ఇంట్లో ఒకడున్నాడు.